చెప్పకుండా కలిపిన మాత్ర

తన మందుల షాపుకి ఎవరొచ్చినా ఆమె ముందు డాక్టరు చీటీ అడిగేది. చీటీ లేకపోతే కన్నతండ్రికైనా మాత్ర ఇవ్వదని వీధంతా పేరు. అలాంటి మనిషి వారం రోజులుగా మొగుడి పొద్దుటి కాఫీలో, ఆయనకు తెలియకుండా, మగతనం పెంచే మాత్ర ఒకటి పొడి చేసి కలుపుతోంది. ఏం చేస్తుంది మరి!

పెళ్లయి ఆరేళ్లు. ఆమెకు వారంలో నాలుగు రోజులు కోరిక. ఆయనకు రెండు నెలలకోసారి, అదీ ఆమె కదిలిస్తే. తాళాలు బాగుచేసే మనిషి, మాట మెత్తన. ఆమెకు కాళ్లు లాగితే ఒత్తుతాడు, ఒత్తి హాయిగా గుర్రుపెడతాడు. వేరే ఎవరో ఉన్నారని ఆమె కొన్నాళ్లు కుమిలిపోయింది. జేబులు వెతికితే తాళంచెవులు తప్ప ఏమీ దొరకలేదు. అయితే జబ్బే అనుకుంది. జబ్బయితే మందుంటుందిగా!

ఎనిమిదో రోజు ఆయన పనిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయాడు.

"ఏం మందులు వాడుతున్నారు?" అని ఆస్పత్రిలో అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేవండీ," అన్నాడాయన.

దాస్తే ప్రాణం మీదికొస్తుందని మందులమ్మే ఆమెకంటే ఎవరికి తెలుసు? చెప్పేసింది. ఆయన తలెత్తి చూడలేదు.

డాక్టరమ్మ ఆమెను కడిగేసింది. "అది రక్తం పారడానికమ్మా, మనసు పుట్టించడానికి కాదు. కోరిక అందరికీ ఒకే కొలత ఉండదు. ముందు పరీక్షలు చేయిద్దాం."

నాలుగు రోజులకు కాగితాలొచ్చాయి. అన్నీ బాగున్నాయి. జబ్బు లేదంటే మందూ లేదు.

బయట బల్ల మీద కూర్చున్నాక ఆయన అన్నాడు: "నన్నే అడగొచ్చుగా."

"అడిగితే లేదంటారు. అది వినలేక."

"నువ్వంటే ఇష్టం లేక కాదే. నాకు ఎవరి మీదా పెద్దగా పుట్టదు. పెళ్లికి ముందూ అంతే. మగాణ్ణయ్యుండి ఎలా చెప్పను?"

"నా ఒళ్లు ఊరుకోదండీ. సిగ్గులేనిదంటారని నేనూ చెప్పలేదు."

"అనను. కానీ నీ చేత్తో ఏమిచ్చినా తాగాలంటే భయమేస్తోంది నాకు."

ఆమె బావురుమంది. ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. అందులో బోలెడంత ప్రేమ ఉంది, ఆమెకు తెలుసు. ఆ వేళ్లు తగలగానే తన ఒళ్లు మేలుకోవడమూ తెలుస్తోంది. చెయ్యి లాక్కుంటే ఆయన నొచ్చుకుంటాడు, ఉంచితే తను వేగిపోతుంది.

ఉంచింది.