ఝాన్సీ పాసైంది

ధనరాజు ఆ వేళ టెక్కలి సంతకి తెచ్చుకున్న సరుకు రెండు గంపల ఎండు నెత్తళ్ళు, గంపెడు ఎండు రొయ్యపప్పు. సముద్రం మీద వేట నిషేధం మొదలై వారమైంది. పడవలన్నీ ఒడ్డెక్కాయి. జూన్ నడిమి దాకా కొత్త సరుకు రాదు. ఉన్నదాన్ని తొందరపడి తెగనమ్మకూడదు, అలాగని పురుగు పట్టేదాకా దాచుకోనూ కూడదు. ఎక్కడ పట్టాలో ఎక్కడ విడవాలో అతనికి తెలుసు. వీటితో పాటు ఆ వేళ అతని పక్కన ఇంకో ఆస్తి కూర్చునుంది. ఐదో తరగతి 'ఏ' గ్రేడులో పాసైన కూతురు ఝాన్సీ.

ఎండ నెత్తికెక్కింది. గోనెపట్టా కింద ఇద్దరికి సరిపడా నీడ కూడా లేదు.

"ఏటి బావా, నెత్తళ్ళల్లో ఇసక కలిపి తూస్తన్నావు?" అంది పాత బేరం ఆవిడొకతె, గుప్పెడు తీసి జల్లిస్తూ.

"ఇసకకి డబ్బులు తీసుకోలేదప్పా. సముద్రం నాకు ఊరికే ఇచ్చినాది, నాను నీకు ఊరికే ఇస్తన్నాను. పావుకేజీ డెబ్బై. అరకేజీ తీసుకుంటే నూటముప్పై."

"నీ మాటలకే సగం కడుపు నిండిపోతాది. ఈ గుంట నీ కూతురా?"

"మరేటి. ఐదు పాసైపోనాది, ఆరుకెల్తాది. దీని రాత సూడాల నువ్వు, అచ్చేసినట్టుంటాది."

ఝాన్సీ తల వంచుకుని గోనె పీచు లాగుతూ కూర్చుంది.

ధనరాజుకి అంకెలు తప్ప అక్షరమ్ముక్క రాదు. కూతురి పుస్తకాలు మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. ముత్యాలు పేర్చినట్టుండే ఆ గుండ్రటి వరసల మీద వేలు ఆనించకుండా, పైనుంచే చెయ్యి కదుపుతూ చూపిస్తాడు, చెమట అంటుకుంటుందని. అవతలివాడు పచ్చి సరుకు అమ్మజూపితే మాత్రం గంప అడుక్కి చెయ్యి పెట్టందే పైసా రాల్చడు. పైన మంచు కింద మెరిసే నాలుగు చేపలు చూసి మోసపోయిన రోజు అతని వ్యాపారంలో లేదు.

పన్నెండింటికి ఇంటి నుంచి ఫోనొచ్చింది. భార్య దేవి. ధనరాజు తల్లి తాతమ్మకి ఆయాసం ఎక్కువైంది, పీల్చే మందు అయిపోయింది. ధనరాజు మందుల షాపుకి పోయి మూడొందల నలభై పెట్టి కొన్నాడు. ఇంకా గంపన్నర సరుకుంది. పల్లెటూళ్ళ బేరం వచ్చేదే ఆ రెండు గంటలు. అప్పుడు దుకాణం కట్టేస్తే ఆ రోజు సంతకి వచ్చీ రానట్టే.

"అమ్మీ, ఒక్కర్తివీ ఎల్లగలవేటి? బస్టాండులో బోర్డు సూసి మన బస్సెక్కు."

ఝాన్సీ మందు పెట్టెని రెండు చేతులా పట్టుకుంది. "ఎల్తాను నాన్నా" అంది.

మూడింటికి దేవి మళ్ళీ ఫోను చేసింది. "పిల్ల రాలేదేటి? మందేదీ?"

సరుకు పక్క దుకాణం జోగయ్యకి అప్పగించి ధనరాజు బస్టాండుకి పరుగెత్తాడు. బస్సు బస్సూ ఎక్కి దిగాడు. కండక్టర్లని అడిగాడు. సంత రోజు, ఎవరికీ ఏ పిల్లా గుర్తులేదు. పొద్దు వాలుతుండగా తెలియని నంబరు నుంచి ఫోను మోగింది. కాశీబుగ్గ బస్టాండులో జీడిపప్పు అమ్ముకునే ఆవిడ.

"నీ కూతురంట బాబూ. మద్దినేల నుంచి ఇక్కడే కూకున్నాది. ఏ బస్సూ ఎక్కదు, ఎవుర్నీ అడగదు. నాను గదమాయిస్తే నీ నంబరు మాత్రం గడగడా సెప్పీసింది."

మోపెడ్ మీద హైవే పట్టుకుని పోయాడు. ఝాన్సీ సిమెంటు బల్ల చివర మందు పెట్టెని గుండెకి ఆనించుకుని కూర్చునుంది. తండ్రిని చూసి ఏడవలేదు. కొడతాడనుకుందేమో, మొహం పక్కకి తిప్పుకుంది.

"ఏ బస్సెక్కీసినావే?"

"ఖాళీ గంపట్టుకుని మనోలాటి ఆవిడొకర్తి ఎక్కింది. మన వొడ్డుకే ఎల్తాది గావాల అనుకుని ఎనకాలే ఎక్కీసినాను. ఆవిడిది సోంపేట దగ్గిరంట. టికెట్టు కొట్టినాయన ఇక్కడ దింపీసినాడు, టెక్కలి బస్సెక్కమని."

"మరి ఎక్కలేదేం? బోర్డు మీద రాసుంటాది కదేటి?"

పిల్ల చాలాసేపు నేల చూసింది. "నాకు సదవడం రాదు నాన్నా."

"రాత రాస్తావు గదే, అంత బాగాన?"

"సూసి గీస్తాను. ముగ్గేసినట్టు."

ఆ మాట విన్నాక కూడా ధనరాజుకి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. జీడిపప్పు ఆవిడ చేతిలో యాభై పెట్టబోతే ఆవిడ తోసేసింది. ఇల్లు చేరేసరికి పక్కింటివాళ్ళ మందుతో తాతమ్మ కాస్త తేరుకునుంది. దేవి పిల్లని ఒళ్ళోకి లాక్కుని, "ఎవుర్నైనా అడగొచ్చు గదే, నోరు లేదా?" అంది.

"అడిగితే, ఏ గ్రేడు పిల్లవి, సదవడం రాదేటి అంతారు" అంది ఝాన్సీ.

రెండు రోజుల తర్వాత బడికి ఆఖరి రోజు. ధనరాజు కూతుర్ని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళాడు. ఐదు తరగతులకీ కలిపి ఒకే గది, ఒకే టీచరు శైలజ. టేబులు మీద పాసు కార్డులు, టీసీలు దొంతరగా పేర్చి, ఏదో ఫోటో పంపలేక ఫోనుతో కుస్తీ పడుతోంది.

"టీచరమ్మా, మా పిల్లని ఆపీయండి. ఇంకో ఏడు ఐదులోనే ఉంచీయండి. దానికి సదవడం రాదు."

ఆవిడ ఉలిక్కిపడుతుందనుకున్నాడు. ఆవిడ ఫోను పక్కన పెట్టింది, అంతే.

"తెలుసు ధనరాజు గారూ."

"తెలిసే ఏ గ్రేడు ఏసినారా?"

"బోర్డు మీద జవాబులు రాస్తాను. చూసి రాస్తుంది, అందరికన్నా బాగా రాస్తుంది. సీ గ్రేడు వేస్తే ఎందుకు వెనకబడిందని పైవాళ్ళు అడుగుతారు. ముప్పైమంది పిల్లలకి నేనొక్కదాన్ని. అడిగితే ఏం చెప్పను? ఇక ఆపడమంటే, ఎవర్నీ ఆపొద్దని రూలు. పరీక్ష తప్పితే పిల్లలు బడి మానేస్తున్నారని, మంచికే పెట్టారు. ఏమీ రాకుండా పైకి వెళ్ళినవాళ్ళు ఏమవుతున్నారో మాత్రం మమ్మల్ని ఎవరూ అడగరు."

ఏమవుతారో ధనరాజుకి తెలుసు. వాళ్ళ వీధిలో ఎల్లాజీ కూతురు నిరుడు ఇదే బడి నుంచి ఆరుకెళ్ళింది. ఆరు కిలోమీటర్ల అవతల హైస్కూలు. పాఠం చదవమని నిలబెట్టారట, క్లాసంతా నవ్వారట. దసరా సెలవుల తర్వాత మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది, కేజీకి పదిహేను రూపాయలు. మంచుగడ్డల్లో నాని దాని గోళ్ళ చుట్టూ తోలు తెల్లగా ఊడిపోతూంటుంది.

"రాదని రాసీయండి. అవసరమైతే నానొచ్చి పైవోళ్ళకి సెప్తాను."

"రాదని రాస్తే మొదట హాజరు పట్టీ తీసి చూస్తారు." టీచరు గొంతు తగ్గించింది. "రెండేళ్ళు కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఈ పిల్లని ఎక్కడ ఉంచారు మీరు?"

ఇసక మీద ఎండే నెత్తళ్ళ చుట్టూ కర్ర పట్టుకుని కాకుల్ని తోలింది ఝాన్సీ. కూలిమనిషిని పెడితే రోజుకి రెండొందల యాభై. పిల్లయితే ఆ డబ్బు మిగులు. హాజరు తగ్గితే, పిల్లని బడికి పంపినందుకు ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే పదమూడు వేలు పడవని తెలిసి, కేజీ రొయ్యపప్పు పొట్లం కట్టుకుని ధనరాజు అప్పుడు ఈ టేబులు దగ్గరికే వచ్చాడు. "హాజరు ఏసీయండమ్మా, పేదోళ్ళం" అన్నాడు. ఆవిడ వేసింది. బయటికొస్తూ అటు కూలీ మిగిలింది, ఇటు డబ్బూ పడుతుందని లెక్కేసుకుని, ఇంత లాభసాటి బేరం ఆ ఏడు ఇంకోటి లేదనుకున్నాడు.

"ఆ డబ్బు తిరిగి కట్టీస్తాను. రెండేళ్ళదీ. మోపెడ్డు అమ్మీసైనా కట్టీస్తాను."

"మీరు కడతారు. దొంగ హాజరు వేసిన చెయ్యి నాది కదా. ఉద్యోగం పోతుంది. నాకూ ఇద్దరు పిల్లలున్నారు." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మీకు దణ్ణం పెడతాను, ఆపమనకండి. పేరు కూడా హైస్కూలు లిస్టులోకి వెళ్ళిపోయింది."

బయట పిల్లలు సెలవులిచ్చేశారని కేకలు పెడుతున్నారు. టీచరు ఝాన్సీ కార్డు పైకి తీసి, వేలిముద్ర సిరా డబ్బా మూత తెరిచి అతని ముందుకి జరిపింది.

ధనరాజు బొటనవేలు గుప్పిట్లో మూసుకున్నాడు.

"నానెయ్యను."

"వేయకపోయినా పాసే ధనరాజు గారూ. కంప్యూటర్లో అయిపోయింది."

"అయితే నా ఏలు లేకుండానే అవనీయండి. మీకు ఒకసారి ఏసీయండని సెప్పినాను. ఇంకోసారి సెప్పను."

కూతురి భుజం మీద చెయ్యేసి వరండాలోకి వచ్చాడు. వరండా గోడ పొడుగునా రంగు గళ్ళల్లో అక్షరాలు వేసున్నాయి. కింది వరసల్లో పిల్లల వీపులు రాసుకుని రంగు చెదిరింది. ధనరాజు అక్కడ ఆగాడు. గోడ ముందు గొంతుకూర్చున్నాడు.

"అమ్మీ. నీకు నిజంగా వొచ్చినవి సూపించు. రానివి వొగ్గీ. నానేటీ అనను."

ఝాన్సీ తండ్రి మొహం చూసింది. తర్వాత గోడ దగ్గరికెళ్ళి కింది వరసలో ఒక గడి మీద వేలు పెట్టింది. "ఇది నా పేర్లోది. ఝ." మొదటికెళ్ళి 'అ' అంది, 'ఆ' అంది. తర్వాత గడి దాటింది. 'క' అంది. చాలా గడులు దాటింది. ఒక చోట వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, నెమ్మదిగా ఏదో అని ముందుకి నడిచింది. ఆమె అన్నప్పుడల్లా ధనరాజు ఒక వేలు ముడిచాడు. గోడ చివరికి వచ్చి పిల్ల ఆగింది.

"అంతే నాన్నా."

ఐదేళ్ళ చదువుకి అతనికి తేలిన లెక్క తొమ్మిది అక్షరాలు. ఆ తొమ్మిదిలో సరైనవి ఎన్నో ధనరాజుకి తెలీదు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ టీచరుకి తెలుసు.