పడుకున్న వరి మొక్క

అమ్మమ్మ నలభై ఏళ్లు విత్తనాల పొలంలో చేసిన పని ఒక్కటే, కేళీలు ఏరడం. సాటి వరి మొక్కల్లో కలవనిది, పొడుగుదో పొట్టిదో పక్కకు వాలిందో, కంటబడితే చాలు, వేళ్లతో సహా పీకి గట్టున పారేయడమే. పని మానేసి ఆరేళ్లయింది కానీ, చేతులు మానలేదు.

అందుకే ఆ రోజు మనవరాలు వరి మీద పరిశోధన చేసే గ్రీన్‌హౌస్ చూడబోయి కొంప ముంచింది. మనవరాలు బయట ఫోను మాట్లాడి వచ్చేసరికి, నిటారుగా నిలబడ్డ మొక్కల వరసలో ఒక కుండీ ఖాళీ. అమ్మమ్మ చేతిలో మట్టి దులిపిన దుబ్బు, ముఖంలో బోలెడు సంతోషం.

"చాప పరిచినట్టు పడుందే నేలమీద. కేళీ. పీకేశా."

"అమ్మమ్మా! ఏం చేశావ్! ఇలా పడుకునే మొక్క కోసం మూడేళ్లు వెతికితే దొరికింది ఆ ఒక్కటే. ఇంకా గింజ కూడా పట్టలేదు!" మనవరాలు అక్కడే చతికిలబడింది.

అమ్మమ్మ వెంటనే దుబ్బుని నీడలో పెట్టింది. "ఏడుపు తర్వాతే తల్లీ, ముందు నీళ్లు పట్రా" అంది. దుబ్బు విప్పి, వేరున్న పిలకలన్నీ విడదీసి, ఆకుల కొసలు తుంచి, ఏడు కుండీల్లో నాటింది. రోజూ వచ్చి చూసుకుంది. రెండు చచ్చాయి. ఐదు బతికి కొత్త పిలకలు వేశాయి. అన్నీ నేలమీదికే వాలాయి.

ఒక పొద్దున మనవరాలు ఒక మామూలు మొక్కనీ, ఒక వాలు మొక్కనీ కుండీలతో సహా అడ్డంగా పడుకోబెట్టి, బీరువాలో పెట్టి తలుపు మూసింది. మర్నాడు తీసి చూస్తే, మామూలు మొక్క మెడ తిప్పుకుని పైకి లేచింది. రెండోది పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఆ చీకట్లో పైన ఎటుందో ఈ లేచినదానికెవరు చెప్పారే?" అమ్మమ్మ గొంతు తగ్గిపోయింది.

"లోపలే, దాని జన్యువుల్లో రాసుంటుంది అమ్మమ్మా. నలభై కోట్ల అక్షరాలు. పడుకున్నదాంట్లో ఎక్కడో ఒక్కటి మారినట్టుంది. అదెక్కడో పట్టుకోవాలంటే దీని గింజలు కావాలి."

"ఒక్క అక్షరానికేనా ఇంత! నా సంతకంలో ఉన్నవే నాలుగు, అందులో రెండు తప్పులు. అయినా నేను నిలబడే ఉన్నాగా!"

మనవరాలు ఇన్నాళ్లకి పకపకా నవ్వింది.

రెండు నెలలకు కంకులు కూడా నేలనే పడుకుని పండాయి. మొదటి గింజని మనవరాలు అమ్మమ్మ అరచేతిలో పెట్టింది. ఇంత చిన్న గింజలో అన్ని అక్షరాలు! అమ్మమ్మ గుప్పిట మూయలేదు, ఊపిరి కూడా గట్టిగా వదల్లేదు. నలభై ఏళ్లు తను గట్టున పారేసినవాటిలో ఏమేం రాసి ఉండేవో అనుకుంటూ అలాగే నిలబడిపోయింది.