పదిహేడో నంబరు బోల్టు

1969లో మా కళాశాల తెరిచి ఉన్న రోజులకంటే మూసి ఉన్న రోజులే ఎక్కువ. ప్రత్యేక తెలంగాణ కోరుతూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నెలల తరబడి పాఠాలు లేవు. తరగతులు మళ్ళీ మొదలయ్యేనాటికి సికింద్రాబాదులో చలి ప్రవేశించింది.

మా ఎన్.సి.సి. బాలికల దళానికి ఇరవై నాలుగు పాయింట్ టూటూ రైఫిళ్ళుండేవి. అల్లరి మూకలు ఆయుధాగారం పగలగొట్టినా అవి ఎవరికీ పనికిరాకూడదని, ఉద్యమం తొలి రోజుల్లోనే ప్రతి రైఫిలు నుంచీ బోల్టు ఊడదీసి, బోల్టులన్నింటినీ ఒక పెట్టెలో బేగంపేటలోని కార్యాలయానికి తరలించారు. గుండును గొట్టంలోకి నెట్టి, వెనుకనుంచి మూసి పేల్చే ఇనుప భాగమే బోల్టు. అది లేని రైఫిలు చేతికర్రతో సమానం.

కళాశాల తెరిచిన వారానికే అబ్బాయిల బోల్టులు తిరిగి వచ్చాయి. మావి రాలేదు. ఆడపిల్లల కవాతుకు కర్ర తుపాకులు చాలునని బేగంపేట అధికారి చెప్పి పంపాడు. అప్పుడు నేనూ సుమిత్రా కలిసి ఒక వినతిపత్రం రాశాం. సుమిత్ర బోయిన్‌పల్లిలో కూరగాయల తోట సాగుచేసే వీరయ్యగారి కూతురు. ఉద్యమంలో రెండుసార్లు లాఠీదెబ్బ తిన్నది. నేను సీతాఫల్‌మండిలో ఉండే ప్రభుత్వ గుమాస్తా దేవానందంగారి కూతురిని. రాజధాని మారినప్పుడు మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చారు. రాష్ట్రం విషయంలో మా ఇద్దరికీ ఏ రోజూ పొత్తు కుదరలేదు. తుపాకీ విషయంలో మాత్రం ఒక్క వాక్యం దగ్గర కుదిరింది: "గురి నేర్పిన తరువాత, ఆడపిల్లలన్న కారణంతో తుపాకీని వెనక్కి తీసుకోవడం న్యాయం కాదు." ఇరవై నలుగురమూ సంతకాలు చేశాం. ఆ కాగితాన్ని మా దళాధికారి కాంతమణి మేడమ్ స్వయంగా తీసుకువెళ్ళింది. నాలుగుసార్లు తిరిగిన మీదట బోల్టులు వచ్చాయి.

అంతకుముందు ప్రతి బుధవారం వరండాలో చాప పరచుకుని రైఫిళ్ళు తుడిచేవాళ్ళం. ఎవరి నంబరు వారికి ప్రాణం. నాది తొమ్మిది. దాని కర్ర మీద ఎవరో పాత క్యాడెట్ చేసిన గాటు సరిగ్గా నా చెంప కింద ఒదిగేది. సుమిత్రది పదిహేడు. దాని ట్రిగ్గర్ ఊపిరి వదిలితే చాలు కదులుతుందని ఆమె గర్వం. మా దళంలోనే ఉన్న డోరాకు ఇచ్చిన నాలుగో నంబరు ఎడమకు లాగేది. తాను కుడికి లాగుతుంది కాబట్టి తమ కాపురం సజావుగా సాగుతోందని డోరా చెప్పేది.

"మీ తొమ్మిదోది గుంటూరు మిరపకాయ లెక్క. చప్పుడే గాని గురి లేదు," అనేది సుమిత్ర నాతో.

మాకు శిక్షణ ఇచ్చే హవల్దార్ జకర్యా అన్నీ విని నవ్వేవాడు. తాను పటాలంలో మోసిన త్రీనాట్‌త్రీ ముందు ఇవన్నీ పిల్లలాడుకునే బొమ్మలేనని, భుజం కమిలేదాకా ఎవరికీ రైఫిలు విలువ తెలియదని ఆయన వాదన. ఆ వాదనలో మేము ఆయనను ఎన్నడూ గెలవనివ్వలేదు.

పెట్టె వచ్చిన మరునాడే ఎంపిక పోటీ. రాష్ట్రస్థాయి పోటీలకు విశాఖపట్నం వెళ్ళడానికి నాలుగే స్థానాలు. ఆయుధాగారం చూసే బ్రహ్మచారి అనే పెద్దాయన బోల్టులు బిగించడానికి రెండు రోజులు అడిగాడు. ఆయనకు దొరికింది ఒక గంట. బోల్టులకు కట్టిన గుడ్డ చీటీలు నూనెలో నాని చివికిపోయాయి. ఆయన చేతికందినవి అందినట్టు బిగించాడు.

కంటోన్మెంటు కాల్పుల రేంజిలో ఆ ఉదయం పది గుండ్లు, నూరు మార్కులు. సుమిత్రకు తొంభై దాటడం అలవాటు. ఆ రోజు రెండుసార్లు ఆమె గుండు పేలలేదు. రెండుసార్లూ చెయ్యెత్తి, జకర్యా వచ్చి చూసి, మళ్ళీ కాల్చవలసి వచ్చింది. మిగిలినవి గురి కాగితమంతా చెదిరిపోయాయి. డెబ్భై ఒకటి. నాకు ఎనభై నాలుగు వచ్చి, నాలుగో స్థానం దక్కింది.

సుమిత్ర లేచి నిలబడి, నా వైపు చూసింది.

"తుపాకి సుత మీ దిక్కే మాట్లాడుతది," అన్నది.

రైఫిలును తుడవకుండా చాప మీదే వదిలి వెళ్ళిపోయింది. మా దళంలో అటువంటి పని ఎవరూ ఎన్నడూ చేయలేదు. ఇతరుల కంట పడకముందే తుడిచిపెడదామని నేను కూర్చున్నాను. బోల్టు తీసి, గొట్టంలోగుండా గుడ్డపీలిక లాగి, బోల్టు మీది పాత గ్రీజును గోటితో గీశాను. పిడి మొదట్లో చిన్న అంకెలు కనిపించాయి: 3905. గొట్టం మీద ఉన్నది 4172.

ఏ రైఫిలు బోల్టు ఆ రైఫిలుకే సరిపడేలా అరగదీసి, రెండింటి మీదా ఒకే తయారీ అంకె చెక్కుతారని జకర్యా మాకు మొదటి నెలలోనే నేర్పాడు. పరాయి బోల్టుతో గుండు పేలకపోవచ్చు, గురి నిలవకపోవచ్చు. నా తొమ్మిదో నంబరు తీసి చూసుకున్నాను. దాని అంకెలు రెండూ ఒక్కటే.

నేను పదిహేడో నంబరును శుభ్రంగా తుడిచి, నూనె రాసి, అరలో నిలబెట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్ళాను.

రెండు రోజులు చెప్పలేదు. నోటీసు బోర్డు మీద నా పేరు పడింది. స్నేహితురాళ్ళు అభినందించారు. ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు కూడా నా పేరు ఎత్తి ఆశీర్వదించారు. తల వంచుకుని ఆమెన్ అన్నాను.

ఆ సాయంత్రం నాన్నగారు మరునాటికి బూట్లు తుడుచుకుంటూ ఉండగా సంగతంతా చెప్పాను. అంకెలు పొరపాటుగా చదివానేమోననీ, అసలు ఆ బోల్టు వల్లే ఆమె గురి తప్పిందని ఎవరు చెప్పగలరనీ కూడా అన్నాను. ఆయన బ్రష్షు ఆపలేదు.

"నేను కూర్చుంటున్న కుర్చీ ఇక్కడివాళ్ళకు ఇస్తామని మాట ఇచ్చిన కుర్చీ, ప్రేమా. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. ఆ మాట ఇచ్చింది నేను కాదు కదా అనుకుని కూర్చున్నాను. పదమూడేళ్ళయింది. నువ్వు కూర్చోకు."

మా ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ పలకలేదు. ఆయన రెండో బూటు చేతిలోకి తీసుకున్నారు.

మరునాడు పొద్దున్నే కాంతమణి మేడమ్ గదికి వెళ్ళాను. ఆమె విని, జాబితా పైకి వెళ్ళిపోయిందని చెప్పింది. మళ్ళీ పోటీ పెడితే పోయేది నా స్థానమేనని హెచ్చరించింది. బోల్టు మార్చింది నేను కానప్పుడు నాకెందుకీ బాధ అని అడిగింది.

"మార్చింది నేను కాదు మేడమ్. తెలిసీ ఊరుకుంటే మాత్రం తప్పు నాదే."

ఆమె ముందున్న జాబితా నకలును పక్కకు నెట్టింది. తరువాత సొరుగులోనుంచి ఆయుధాగారం తాళం చెవి తీసింది. జాబితా వెనక్కి తెప్పించే పని తనదని, సుమిత్రను వెనక్కి తెచ్చే పని నాదని చెప్పింది.

బోయిన్‌పల్లి వెళ్ళేసరికి సుమిత్ర తోటలో పాలకూర కోస్తోంది. నన్ను చూసి లేవలేదు. నేను గట్టు మీద నిలబడే అంతా చెప్పాను.

"గింత దూరం గిది చెప్పనీకి వచ్చినవా?"

"అవును."

"నీ జాగ పోతది గద."

"పోవచ్చు."

ఆమె నాలుగు కట్టలు కట్టింది. తరువాత నా ముఖంలోకి చూసింది.

"ఒక్క మాట చెప్పు ప్రేమా. నువ్వు మంచిదానివైతే, మా రాష్ట్రం మాకు వద్దా?"

బస్సులో వచ్చేటప్పుడు ఈ ప్రశ్నకు నేను సిద్ధపడలేదు. బూట్లు తుడుస్తున్న నాన్నగారు గుర్తుకు వచ్చారు. "నా మంచితనానికీ దానికీ సంబంధం లేదు," అన్నాను. "ఇచ్చిన మాట తప్పినచోట అడిగే హక్కు మీకుంది. రాష్ట్రం విడిపోవాలని నేను ఇప్పటికీ అనుకోను. కానీ అడగవద్దని ఇక అనను."

"గది చాలు ఇయ్యాల్టికి," అన్నది సుమిత్ర. వద్దంటున్నా రెండు పాలకూర కట్టలు నా చేతిలో పెట్టింది.

శనివారం ఉదయం వరండా పొడవునా పెద్ద తెల్లదుప్పటి పరిచారు. ఇరవై నాలుగు రైఫిళ్ళు ఒక వరస, ఇరవై నాలుగు బోల్టులు ఒక వరస. బ్రహ్మచారి మధ్యలో కూర్చున్నాడు. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"అది నా గలతీ బిడ్డ," అన్నాడు సుమిత్రతో. "రెండు దినాలు కావాలని గట్టిగ అనకపోతి."

సుమిత్ర ఆయన పక్కనే కూర్చుని గ్రీజు గుడ్డ అందుకుంది. ఒక్కొక్కరం ఒక్కో బోల్టు తుడిచి అంకె చదివాం. ఎదుటివారు గొట్టం మీది అంకె చదివారు. కలిసిన జత పక్కకు, కలవనిది దుప్పటి మధ్యకు. మధ్యాహ్నానికి ఐదు జతలు తప్పని తేలింది. పదిహేడో నంబరు బోల్టు డోరా దగ్గర, నాలుగో నంబరు రైఫిలులో దొరికింది.

"అందుకేనా ఇది మొన్న కుడికి లాగింది," అన్నది డోరా. "నా కాపురంలో నిప్పులు పోసింది కదే నీ పదిహేడు, సుమిత్రా."

వారం రోజులుగా ఆ పోటీ మీద రెండు పక్షాలై ఎడమొహం పెడమొహంగా తిరిగిన పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. సుమిత్ర కూడా నవ్వింది.

రెండో పోటీ మంగళవారం జరిగింది. సుమిత్రకు తొంభై మూడు. ఆమె చివరి ఐదు గుండ్లూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. నేను మొదటిసారికంటే రెండు మార్కులు ఎక్కువే సంపాదించి ఐదోదానిగా మిగిలాను. జాబితాలో నా పేరు కిందికి జారి, పక్కన "అదనం" అన్న మాట చేరింది. బాధ కలగలేదని చెప్పను. అబద్ధమవుతుంది.

ఆ నెలలోనే నాన్నగారు తన కుర్చీ సంగతి వివరిస్తూ పై అధికారికి ఉత్తరం రాశారు. తనను గుంటూరుకు బదిలీ చేసి ఆ స్థానాన్ని స్థానికులకు ఇవ్వమని కోరారు. జవాబు రాలేదు. ఆయన మళ్ళీ రాశారు. రెండో ఉత్తరం నకలు తీసిన చేతిరాత నాది.

అదనపు క్యాడెట్ కూడా జట్టుతో ప్రయాణం చేయాలన్నది నియమం. విశాఖపట్నం రేంజిలో పోటీ ఉదయం సముద్రపు గాలి కాగితాలను ఎగరగొడుతోంది. సుమిత్ర సముద్రం చూడటం అదే మొదటిసారి. అంత నీళ్ళుండి ఒక్క మడి తడవదా అని నన్ను ఆటపట్టించింది. తరువాత గంభీరంగా చాప మీద కూర్చుని, పదిహేడో నంబరు బోల్టు తీసి నా అరచేతిలో పెట్టింది. గొట్టాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, అంకె మీద బొటనవేలు ఆనించింది.

"రాష్ట్రం సంగతి మళ్ళ కొట్లాడుకుందాం," అన్నది. "జెర ముందుగాల అది చదువు."

నేను వెలుతురులోకి తిప్పి చదివాను. "నాలుగు. ఒకటి. ఏడు. రెండు."

ఆమె బొటనవేలు తీసి గొట్టం మీద చూసింది.

"నాలుగు. ఒకటి. ఏడు. రెండు," అని బోల్టు కోసం చెయ్యి చాచింది.