రాజు గెంతు

డెబ్భై తొమ్మిదిలో మాట. పోర్టులో క్రేను నడిపే జగ్గారావు కూతురు గౌరీశ్వరి స్కూల్లో చదరంగం పోటీకి పేరిచ్చింది. పిల్లకి ఆట నేర్పింది తండ్రే, నేర్పిన ఏడాదికే దాని చేతిలో ఓడటం మొదలెట్టిందీ తనే. చెప్పొద్దూ, ఆ ఓటమంటే ఆయనకి మహా మురిపెం.

పోటీకి పనికొస్తుందని పూర్ణా మార్కెట్ దగ్గర చలమయ్య పాతపుస్తకాల కొట్టుకి వెళ్ళాడు. బరువులెత్తే చెయ్యి కదా, ఉన్నవాటిలో బరువైన చదరంగం చిక్కుల పుస్తకం ఎత్తుకొచ్చాడు. వారానికే పిల్ల మొహం వాడిపోయింది. అది మార్చి రెండెత్తుల్లో ఆటకట్టేది తెచ్చాడు. అదీ అంతే. చివరికి ఒక్క ఎత్తులో ఆటకట్టే పల్చటి పుస్తకం తెస్తే, అందులోనూ ఒక్క చిక్కూ వీడలేదు.

"నాకు బుర్ర లేదు నాన్నా. పేరు కొట్టేయించేత్తాను" అంది గౌరీశ్వరి.

జగ్గారావుకి ప్రాణం చివుక్కుమంది. తనే పుస్తకం ముందేసుకు కూర్చున్నా చిక్కు తేలలేదు. అది పట్టుకుని మళ్ళీ కొట్టుకి పరిగెత్తాడు.

"ఇంతకన్నా సులువుది ఏటైనా ఉందేటి సలమయ్యా?"

చలమయ్యది గోదావరి జిల్లా, మాటకి మర్యాద ఎక్కువ. "దీనికి దిగువ ఇంకేం లేదండి. ఇదిగో, ఏనుగుని ఇక్కడ పెడితే ఆట కట్టండి."

"ఏటి కట్టు? రాజు గుర్రంలాగ గెంతి తప్పించుకుంటాడు గదా."

చలమయ్య పుస్తకం మూశాడు. "అది మన అరుగుల మీద ఆటండి. పోటీల్లో రాజుకి గెంతు లేదండి."

ఆటకోసారి రాజు గెంతొచ్చన్నది పెందుర్తిలో జగ్గారావుకి తాత నేర్పిన పద్ధతి. దాన్నే కూతురికి నేర్పాడు. ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే ఒప్పేసుకున్నాడు.

"బుర్ర లేంది నీకు గాదమ్మా, నాకు. నానే తప్పు నేర్పీసినాను."

గౌరీశ్వరి కూర్చున్న చోటునుంచి లేవకుండా పన్నెండు చిక్కులు విప్పింది. పోటీలో రెండో స్థానం వచ్చింది. కాలేజీకొచ్చాక, నాన్న మొదట తెచ్చిన ఆ బరువు పుస్తకాన్ని చలమయ్య దగ్గరే వెతికి తెచ్చుకుని, ఎనభై ఆరుకి పూర్తిచేసింది.

ఆ ఏడే ఓ ఆదివారం తండ్రీకూతుళ్ళు ఆడుతున్నారు. జగ్గారావు రాజు మూల చిక్కాడు. ఓడినట్టుగా రాజుని పడుకోబెట్టబోతే గౌరీశ్వరి చెయ్యి పట్టుకుంది.

"గెంతు నాన్నా."

"అది రూలు గాదు గదమ్మా."

"పోటీల్లో గాదు. మనింట్లో రూలే."

గెంతాల్సిన గడిని ఆమె ముందే ఖాళీగా ఉంచింది. అది చూసి జగ్గారావుకి కళ్ళు చెమర్చాయి. రాజు గెంతాడు. ఇంకో నాలుగెత్తులకి మామూలుగానే ఓడిపోయాడు.