ఫొటోలోని గోడ

బుచ్చమ్మ బర్రెలు వెళ్లే దారికి అడ్డంగా గోడ కట్టింది పరాయివాడు కాదు, సొంత మరిది నర్సింహ. అప్పటి నుంచి ఆమె మూడు బర్రెలూ పక్కింటి రబియా వాకిట్లోంచే పాతబస్తీలోని హుస్సేనీ ఆలం రోడ్డెక్కుతున్నాయి.

వివాదాల పరిష్కారం మీద పీజీ చేస్తున్న పిల్లలు ఢిల్లీ నుంచి చదువు యాత్రకని వచ్చి, పక్కింటివాళ్లంటే భయమా అని బుచ్చమ్మను అడిగారు.

"రబియాతోని నాకేం లొల్లి లేదు బిడ్డా. నా లొల్లంత మా మరిదితోనే," అంది.

వాళ్లలో తెలుగు వచ్చిన స్రవంతి పెన్ను ఆపేసింది. "అది ఇంటి గొడవ కదమ్మా. మా స్టడీలోకి రాదు."

వెళ్లేముందు బుచ్చమ్మను గోడకు ఇటు, రబియాను అటు నర్సింహ వైపు నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. గోడ మీంచి రబియా ముఖం కనబడాలని పీట తెచ్చి వేసింది నర్సింహే.

మూడు నెలలకు రిపోర్టు పుస్తకం వచ్చింది. అట్ట మీద అదే ఫొటో. కింద, "రెండు మతాల మధ్య శాంతిని కాపాడుతున్న గోడ" అని ఇంగ్లీషులో రాసి ఉంది.

గోడ సంగతి తేల్చడానికి బస్తీ పెద్దలు కూర్చున్న రోజు నర్సింహ ఆ పుస్తకాన్నే ముందు పెట్టాడు. "గోడ తీస్తే లొల్లయితదని గంత పెద్ద చదువులోళ్లే రాసిన్రు."

పెద్దలు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, గోడ ఉండనిమ్మన్నారు.

మర్నాడు బుచ్చమ్మ బర్రెలను విప్పేసరికి రబియా ఎప్పట్లాగే తలుపు తీసి నిలబడి ఉంది.

"ఆ పిల్లలు మళ్లొస్తే గీ తలుపు చూపియ్యకు రబియా," అంది బుచ్చమ్మ. "చూసిన్రంటే దీన్ని గూడ బంద్ పెట్టిస్తరు."