వెనక్కొచ్చిన ప్రస్థానం

సంచిలో ముందుగా పసుపు గుడ్డలో మూటకట్టిన గుప్పెడు బియ్యం పెట్టాను. దాని మీద మా ఆయన లాల్చీ ఒకటి, నా చీర ఒకటి. ప్రస్థానం సంచిలో ప్రయాణం చేసే మనిషికి బాగా కావలసిన వస్తువు కూడా ఉండాలని మా అమ్మ అనేది. మా ఆయనకి బాగా కావలసినవి రెండే. ఒకటి ఫోను. అది ఆయన చేతిలోంచి ఎవరూ తీసుకోలేరు. రెండోది మందుల డబ్బా. వారానికి సరిపడా గడులుంటాయి దానికి. గుండెలో వాల్వు మార్చినప్పటి నుంచి ఆ గడులు నింపేది నేనే. సీసాల మీది పేర్లు కూడబలుక్కుని చదువుతూనే నాకు ఇంగ్లీషు కాస్త పట్టుబడింది. డబ్బా పెట్టి జిప్పు లాగాను.

మా ప్రయాణం శనివారం. చికాగో పక్కన మేముండే అరోరా నుంచి న్యూయార్క్ రాష్ట్రం వైపు, అంటే తూర్పుకి. శనివారం తూర్పుకి వారశూల, వెళ్ళకూడదు. పడవ అద్దెకిచ్చేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నానికల్లా వచ్చేయమన్నారు. వాళ్ళకి పంచాంగంతో పనేముంది? ఇలాంటప్పుడు మనవాళ్ళు ఒక ఉపాయం పెట్టారు. మంచి ఘడియ చూసి ఒక సంచి ముందే ఇల్లు దాటించి, వెళ్ళే దిక్కున ఇంకొకరింట్లో ఉంచితే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. బయల్దేరే రోజున సంచిని అక్కణ్ణుంచే తీసుకుపోవాలి. మళ్ళీ మన గడప లోపలికి తేకూడదు.

తూర్పు వైపు మూడిళ్ళ అవతల దమయంతి ఉంటుంది. శుక్రవారం పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్ళాను.

"వదినగారూ, ఈ రోజుల్లో కూడా ప్రస్థానాలేంటండీ!" అని నవ్వింది. "సాయంత్రం నేను కమ్మింగ్ ఊళ్ళో మా అమ్మాయి దగ్గరికి పోతున్నాను. వరండాలో బల్ల మీద పెట్టనా?"

"పెట్టు. మా ఆయనకి మాత్రం చెప్పకు. పంచాంగం చూసుకుంటూ పడవ నడుపుతావా అని వారం రోజులు ఏడిపిస్తాడు."

ఈ పడవ సరదా మా ఆయనదే. సూర్యప్రకాశరావుగారికి రిటైరయ్యాక ఫ్రాన్సు కాలవల పిచ్చి పట్టుకుంది. రోజూ టీవీలో అవే వీడియోలు. పడవలోనే వంట, పడవలోనే పడక, ఒడ్డున ద్రాక్షతోటలు. "చచ్చేలోగా ఒక్కసారి" అనేవాడు. ఆ గుండెతో సముద్రం దాటడానికి వీల్లేదన్నాను. అప్పుడు మా మనవరాలు ఉజ్వల, చికాగోలో ఉద్యోగం చేస్తుంది, నన్ను ఇరికించింది. "నానమ్మా, కార్‌లో వెళ్ళే కెనాల్ అయితే ఓకేనా?" అంది. అలాంటిది ఎక్కడా ఉండదనుకుని సరే అన్నాను. ఈరీ కాలవ ఉందిట. బుక్ చేసేసింది.

శనివారం ఇంకా వెలుగు రాకముందే ఆయన కారెక్కి హారన్ కొడుతున్నాడు. నేను ఉజ్వల చెవిలో, "దమయంతి ఆంటీ వరండాలో నా సంచి ఉంది, తెచ్చుకోవాలి" అన్నాను.

"ఐ గాట్ ఇట్ నానమ్మా. తెచ్చేశాను."

హమ్మయ్య అనుకున్నాను. దారిలో వేసుకోవలసిన మందులు, మర్నాటివి, విడిగా నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి. ఇంక మందుల డబ్బా జోలికి పోలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి చేరాం. పడవ మా ఇంటి నడవాకి కిటికీలు పెట్టినట్టు పొడుగ్గా, సన్నగా ఉంది. గ్యాసు పొయ్యి, రెండు పడక గదులు, వెనక చుక్కాని, పైకప్పు మీద రెండు సైకిళ్ళు. నేర్పించడానికి వచ్చిన అమ్మాయి గంటసేపు ఏదో చెప్పింది. నాకు అర్థమైంది ఒక్కటే, చుక్కాని కుడికి తోస్తే పడవ ఎడమకి పోతుంది.

"మీనాక్షీ, అచ్చం నువ్వే" అన్నాడు మా ఆయన.

నిజం చెప్పొద్దూ, మొదటి గంటలోనే నా భయం సగం తగ్గింది. అంత నెమ్మది. ఒడ్డు మీద కుక్కని నడిపించుకుంటున్న ముసలాయన మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. రెండు పక్కలా మొక్కజొన్న చేలు, ఆపిల్ తోటలు. మెడినా అనే ఊరి దగ్గర గంట మోగింది. రోడ్డు వంతెన మొత్తం, పీట ఎత్తినట్టు, తిన్నగా పైకి లేచింది. అటూ ఇటూ కార్లు ఆగిపోయాయి.

"అయ్యో, మన ముగ్గురి కోసం ఇంతమందిని ఆపారా? అందరూ చూస్తున్నారు" అని కొంగు సర్దుకున్నాను.

"చూడనీ. నలభై ఏళ్ళు వాళ్ళ సిగ్నళ్ళ దగ్గర నేనాగాను. ఇవాళ వాళ్ళని ఆగనీ" అని ఆయన మహారాజులాగా చెయ్యెత్తాడు. ఆ ముఖంలో అంత సంతోషం ఆపరేషన్ తర్వాత నేను చూడలేదు.

సాయంత్రం ఊరు దాటి, చేల మధ్య ఒడ్డున పడవ కట్టాం. పులిహోర తిన్నాక పొద్దుటికి మందులు సిద్ధం చేద్దామని సామాన్లన్నీ వెతికాను. సంచి లేదు.

"ఉజ్వలా, ఆంటీ ఇంటి నుంచి తెచ్చిన సంచి ఎక్కడ పెట్టావే?"

"రెడ్ బ్యాగా? ఫ్రైడే ఈవినింగ్ వచ్చేటప్పుడు చూశాను, ఆంటీ పోర్చ్‌లో. నువ్వు మర్చిపోయావ్ అనుకున్నా. తెచ్చి నీ క్లాజెట్‌లో పెట్టేశా."

"ఇంట్లోకా?"

"ఎస్. సేఫ్‌గా ఉంది, డోంట్ వర్రీ."

మంచం మీద కూలబడ్డాను. మందులు లేవన్నది ఒక సంగతి. ప్రస్థానం మళ్ళీ గడప లోపలికి వచ్చిందన్నది రెండోది. మందుల సంగతి పైకి చెప్పాను. రెండోది మింగేశాను.

ఆయనేమీ కంగారు పడలేదు. ఉజ్వల డాక్టరుగారి నంబరుకి ఫోన్ చేసింది. పొద్దున్నే వాళ్ళు ఆల్బియన్‌లో ఉన్న మందుల షాపుకి చీటీ పంపుతామన్నారు. ఆల్బియన్ ఇంకా నాలుగు మైళ్ళు ఉంటుందేమో. పడవలోనే పోదాం అనుకున్నాం.

తెల్లారేసరికి కాలవ మీద పొగమంచు. అవతలి ఒడ్డు కాదు కదా, మా పడవ ముక్కే కనపడటం లేదు. మంచు విడిచేదాకా పడవ కదపొద్దని ముందే చెప్పారు.

"పోనీ, రెండు మూడు గంటలు ఆలస్యమైతే ఏమవుతుంది?" అన్నాడు ఆయన.

"ఒక్క పూట కూడా తప్పించొద్దన్నాడు డాక్టరు" అని పట్టుబట్టాను.

"అయితే సైకిల్ మీద పోతాను."

"నేను వెళ్తా తాతయ్యా" అంది ఉజ్వల.

"ఇద్దరం వెళ్దాం. సైకిల్ తొక్కమని కూడా ఆ డాక్టరే చెప్పాడు కదా. ఏం మీనాక్షీ, డాక్టర్ మాట ఒకటి వింటావు, ఇంకోటి వినవా?"

నా మాటకే నన్ను కట్టేశాడు. ఒడ్డు వెంబడి మట్టిబాట. ఇద్దరూ ఎక్కారు. పట్టుమని పది గజాలు పోయేసరికి మంచులో కలిసిపోయారు. ఉజ్వల ఎర్ర చొక్కా ఒక్కటి కాసేపు కనపడి, అదీ పోయింది. పంపింది నేను. నా నోటితో నేనే పంపాను.

మా అన్నయ్య శేషగిరిని అమ్మ పంపింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వాడికి కలకత్తాలో ఉద్యోగం వచ్చింది. కోనసీమలో మా ఊరికి రైలు లేదు. కాలవలో బొబ్బర్లంక దాకా పడవ, ఆపైన రాజమండ్రి, అక్కడ రైలు. అమ్మ మంచి ఘడియ చూసి కరణంగారింట్లో ప్రస్థానం పెట్టించింది. వాడు అక్కణ్ణుంచే సంచి తీసుకుని రేవుకి వచ్చాడు. పడవని మనుషులు ఒడ్డున నడుస్తూ తాడుతో లాగేవారు. ముందు లాగేవాళ్ళు వంపు తిరిగారు, తర్వాత తాడు, ఆ తర్వాత పడవ. ఆ తర్వాత ఏ కబురూ లేదు. మా అమ్మ మాత్రం కొడుకు లేడని ఎవరితోనూ అనలేదు. "వాడు రావాలి" అనేది. ప్రస్థానం సరిగ్గా పెట్టాను కనక రాకేం చేస్తాడు అనేది. ఆ మాట పోతూపోతూ నాకు ఇచ్చిపోయింది. నా పిల్లలకి నేనూ అదే చెప్పాను, మావయ్య ఊళ్ళో లేడు, రావాలి అని.

మంచు విడిచింది. ఎండ వచ్చింది. వాళ్ళు రాలేదు. ఆయనకి ఫోన్ చేశాను. దిండు కింద మోగింది. చేతిలోంచి వదలని ఫోను ఇవాళే వదిలాడు! ఉజ్వలకి చేస్తే, మెసేజ్ పెట్టమని ఎవరో ఆడమనిషి గొంతు. బియ్యం కడిగాను. చారు పెట్టాను. చారు చల్లారిపోయింది. మళ్ళీ వెచ్చబెట్టాను. పెరుగు తీసి మజ్జిగ చిలికాను. ఎదురుగా బాట మాత్రం ఖాళీగా ఉంది, దూరాన వంపు దాకా.

ఆ వంపుని చూస్తూ ఉండగా నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. జీవితమంతా నేను ఒడ్డున నిలబడి వంపుల కేసి చూశాను. రేవులో చూశాను, విమానాశ్రయంలో అద్దం వెనకాల నుంచి చూశాను, ఆపరేషన్ గది తలుపు కేసి చూశాను. ఇంక నా వల్ల కాలేదు. మజ్జిగ సీసాలో పోసుకుని, చెప్పులేసుకుని, పడవ దిగి నడిచాను.

వంపు దాటాను. ఏమీ లేదు. ఇంకో వంపు. దాని అవతల చెట్టు కింద ఒక సైకిల్ పడుకోబెట్టి ఉంది. నా కాళ్ళు ఆగిపోయాయి. తర్వాత చెట్టు వెనక నుంచి నవ్వు వినపడింది. ఆయన రాయి మీద కూర్చుని పీచ్ పండు తింటున్నాడు. రసం మోచేతి దాకా కారుతోంది. ఉజ్వల రెండో సైకిల్ చక్రం ఊడదీసి చూస్తోంది.

"ఇదేంటి, నువ్వొచ్చావ్?" అన్నాడు. "అక్కడ పడవని ఎవరు చూస్తున్నారు?"

"పడవ సంగతి తర్వాత. మందు?"

"వేసుకున్నాను తల్లీ. షాపులోనే, ఆ అమ్మాయి ఎదుటే, నీళ్ళు అడిగి మరీ వేసుకున్నాను. వచ్చేటప్పుడు టైర్ పంక్చర్ అయింది. నీ మనవరాలి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. నడిచి వస్తుంటే ఒకావిడ పళ్ళు అమ్ముతోంది. నీకూ తెచ్చాను."

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఆయన నుదురు ముట్టుకుని చూశాను, జ్వరం చూసినట్టు. చెమట పట్టి ఉంది, వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం నా అరచేతిలోంచి పోకుండా గుప్పెట మూసుకున్నాను. మజ్జిగ ఇద్దరూ సీసా ఎత్తి తాగేశారు.

నడుచుకుంటూ వస్తుంటే దాచుకోవడం చేతకాక ప్రస్థానం సంగతంతా చెప్పేశాను. ఆయన నవ్వీ నవ్వీ సైకిల్ ఆపేశాడు.

"అందుకా రాత్రి ముఖం అలా పెట్టావు! అంటే నా ప్రస్థానం క్లాజెట్‌లో ఉందన్నమాట. మరి నేను?"

"మీరొచ్చారు" అన్నాను.

"వచ్చానా?"

"వచ్చారండీ."

"సారీ నానమ్మా, నాకు తెలీదు" అంది ఉజ్వల.

"నేను చెప్పలేదుగా. తప్పు లేదులే."

పడవ కట్టినచోటే ఉంది, ఒక బాతు పైకెక్కి కూర్చుంది. తాడు విప్పాం. ఆయన చుక్కాని దగ్గర నిలబడ్డాడు. నేను పీచ్ పండ్లు కోసి అందరికీ ఇచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఒళ్ళంతా తేలికైపోయింది. నిద్ర కూడా వస్తోంది. అన్నీ సరిగ్గా పెట్టినా రానివాడు రాలేదు. అన్నీ తప్పినా ఈయన నా ఎదురుగా నిలబడి, పంటి సందున పీచు తీసుకుంటున్నాడు. రెండింటికీ సంచితో సంబంధం లేదు. ఇంత చిన్న సంగతి అమ్మకి ఎవరూ చెప్పలేదు.

ఉజ్వల నా పక్కన చేరి, "నానమ్మా, నీకు బ్రదర్ ఉన్నాడు కదా? డాడ్‌ని అడిగితే ఎప్పుడూ 'ఊళ్ళో లేడు' అంటాడు. ఎక్కడుంటాడు?" అంది.

రావాలి అన్న మాట అలవాటుగా నోటి దాకా వచ్చింది. దాన్ని అననివ్వలేదు.

"మా అన్నయ్య శేషగిరి పందొమ్మిది వందల అరవై రెండు మాఘమాసంలో పడవెక్కి వెళ్ళాడు" అని చెప్పాను. "తిరిగి రాలేదు."