సాగదీసిన మాట

అద్దాన్ని పాత చీరముక్కలో చుట్టి సంచి అడుగున పెట్టాను. దాని మీద కొవ్వొత్తి, అగ్గిపెట్టె, కోడి ఈక, బొమ్మలు గీసిన అట్టముక్కలు. అన్నిటికన్నా పైన మనోరమ టీచరు చీర, నా జొన్నరొట్టెల మూట. వికారాబాద్‌లో పొద్దున ప్యాసింజరు బండి ఎక్కితే ఎండ ముదరకముందే తాండూరులో దిగుతాం. అంత దగ్గర. అయినా ఆ సంచిని సర్ది, విప్పి, మళ్లీ సర్దేదాన్ని. మా ఆయన ఒక పొద్దున ఇట్లాగే సంచి భుజాన వేసుకుని బండల గనికి పోయాడు. మధ్యాహ్నానికి ఆ సంచి వేరేవాళ్ల చేతిలో ఇంటికి వచ్చింది. అప్పటినుంచి ఎవరు ప్రయాణమైనా నాకు భయమే.

నేను వికారాబాద్‌లో ఒక మిషను బడిలో ఆయాను. మనోరమ టీచరు మద్రాసులో చదివి వచ్చింది. మాట సరిగా రాని పిల్లలకు మాట నేర్పడం ఆమె పని. వారంలో కొన్నాళ్లు మా బడిలో, కొన్నాళ్లు తాండూరు బడిలో ఉండేది. ఒంటరి ఆడమనిషి రైల్లో తిరగడం బాగుండదని బడివాళ్లు నన్ను తోడు పంపేవాళ్లు.

మొదట్లో పిల్లల తల్లులు ఆమెను చూసి నవ్వేవాళ్లు. "ఇంత వస అరగదీసి నాలిక మీద రాస్తె మాటలొస్తయి గద! గీమె అద్దం పట్టుకొని రైలెక్కి వచ్చిందా?" అనేవాళ్లు. టీచరు కూడా నవ్వి, పిల్లను ముందు కూర్చోబెట్టుకుని కొవ్వొత్తి వెలిగించేది. 'ప' అన్నప్పుడు దీపం ఊగాలి. 'మ' అన్నప్పుడు ఊగకూడదు. పిల్ల చేతిని తన గొంతు మీద పెట్టుకుని, లోపల మాట ఎట్లా కదులుతుందో చూపించేది. నేను వెనక కూర్చుని ఆ అట్టముక్కల మీది అక్షరాలు కూడబలుక్కునేదాన్ని.

తాండూరు బడికి వచ్చే పిల్లల్లో మా తమ్ముడు జంగప్ప బిడ్డ శంకరమ్మ ఉండేది. మా తల్లిగారి ఊరు అక్కడికి నడిచి వచ్చేంత దగ్గర. శంకరమ్మ తల్లి అమ్మవారు పోసి చనిపోయింది. మా అమ్మ రామమ్మే ఆ పిల్లను సాకింది. పిల్లకు నత్తి. మాట మొదలుపెడితే దవడ బిగుసుకుపోయేది, కళ్లు మూతపడేవి, కాలు నేలకేసి కొట్టుకునేది. ఊళ్లో పిల్లలు 'నత్తి శంకరి' అని పిలిచేవాళ్లు. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్లు లేరు. ఎవరో ఒకరు మధ్యలో అందుకుని, తప్పో ఒప్పో తామే చెప్పేసేవాళ్లు.

టీచరు ఆమెకు ఎదురుగా మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేది. అరచేత్తో మోకాలి మీద మెల్లగా తాళం వేస్తూ, ఒక్కో దెబ్బకు ఒక్కో మాట, మొదటి అక్షరం సాగదీసి పలికించేది. "తొందర లేదమ్మా. నీ మాట ఎక్కడికీ పోదు," అనేది. ఏడాది గడిచేసరికి శంకరమ్మ తొడ మీద తాళం వేసుకుంటూ పూర్తి మాట చెప్పగలిగింది. నాతో అన్న మొదటి పూర్తి మాట నాకు ఇప్పటికీ గుర్తే.

"అ...త్తా, నీ రొ...ట్టె మా...డింది."

ఆ రోజు ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. మాడిన రొట్టె ముగ్గురం పంచుకుని తిన్నాం.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. ఒకనాడు మబ్బు లేని ఆకాశం కింద పిల్ల ఇంటిముందు కూర్చుని, తొడ మీద చెయ్యి ఆడిస్తూ, కళ్లు సగం మూసి మా అమ్మతో అన్నదట: "వా...న వ...స్తది అవ్వా. పి...డకలు లో...పట పె...ట్టు." చీమలు గుడ్లు మోసుకుపోవడం చూసి అన్నది. సాయంత్రానికి వాన దంచికొట్టింది. మా అమ్మ చేతిలోని చాట జారవిడిచింది. మా ఊళ్లో శాంతవ్వ అనే జోగిని ఉంది. ఎల్లమ్మ ఒంటి మీదికి వచ్చినప్పుడు ఆమె కూడా అట్లాగే తొడ చరుస్తూ, ప్రతి మాటా సాగదీసి పలుకుతుంది. మా ఊరివాళ్లకు అట్లాంటి పలుకు ఆ ఒక్క చోటే తెలుసు. బడిలో నేర్పిన మాట అని వాళ్లకు ఎట్లా తోస్తుంది? నత్తిపిల్ల నోరు ఆ ఎల్లమ్మే తెరిచిందనుకున్నారు.

జనం పసుపు కుంకుమలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. నా బర్రె ఎటు పోయింది తల్లీ అని ఒకరు, నా కొడుకు ఎప్పుడొస్తడు తల్లీ అని ఒకరు. శంకరమ్మ తోచింది చెప్పేది. చిన్నపిల్ల! పుట్టాక మొదటిసారి ఆమె మాట ముగిసేదాకా పెద్దవాళ్లు నోరు మూసుకుని కూర్చున్నారు. ఆ సంతోషం ఆమె ముఖంలో చూసినప్పుడు నాకు ఇంకా భయమేసింది.

వచ్చే ఎల్లమ్మ పండుగనాడు పిల్లను అమ్మకు విడవాలని మా ఊరి పెద్ద, పటేలు తీర్మానించాడు. అట్లా విడిచిన పిల్లకు దేవత పేర తాళి కడతారు. ఇక ఆమెకు పెళ్లి ఉండదు, తనదనే ఇల్లు ఉండదు. ఊరు రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి. శాంతవ్వ బతుకు మేమంతా చూసినవాళ్లమే.

నేను తమ్ముడి దగ్గరికి ఉరికాను. ఊరి పండుగలకు డప్పు కొట్టేది అతనే; జంగప్ప వాకిట్లో కూర్చుని డప్పుకు తోలువారు బిగిస్తున్నాడు.

"ఒద్దను తమ్మీ. నీ నోటితోని ఒక్కసారి ఒద్దను."

"నేనెట్లంటనక్కా? దాని తల్లిని అమ్మవారే కొంటవోయింది. బిడ్డను గూడ ఇయ్యనంటే అమ్మ ఊకుంటదా? పటేలు ఊకుంటడా?"

"అమ్మ ఊకుంటది. పటేలే ఊకోడు. గది చెప్పు."

అతను తోలువారును ఇంకో చుట్టు లాగాడు. "నువ్వు వికారాబాద్‌ల ఉంటవ్. నేను గీ ఊర్లె ఉండాలె," అన్నాడు.

రైల్లో టీచరుకు చెప్పాను. "ఆ తాళం, ఆ సాగదీత నేను నేర్పినవే కదా భాగమ్మా," అంది. తర్వాత తానే ఊరికి వచ్చి పటేలుతో మాట్లాడింది. అది దేవత పలుకు కాదని, బడి పాఠమని చెప్పింది.

పటేలు మీసం దువ్వుకున్నాడు. "తల్లి నోరు తెరిపిస్తే, నేనే తెరిపించిన అంటవా టీచరమ్మా? మస్తు చెప్పినవ్. ఇగ వానలు గూడ మీ బడిలనే కురిపిస్తరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

ఇక మిగిలింది ఒక్కటే. తాళి కట్టే ముందు జోగిని ఆ పిల్లను ముమ్మారు పలుకు అడుగుతుంది. పిల్ల నోట అమ్మ పలికిందని జోగిని ఒప్పుకుంటేనే తాళి. ఈ మాట మేం మాట్లాడుకుంటుంటే శంకరమ్మ వింది.

"అ...త్తా, ఎ...ల్లమ్మకు న...త్తి ఉం...టదా?"

"ఉండది బిడ్డా."

"అ...యితే నే...ను న...త్తి మా...ట్లాడత. నా...కొచ్చు గద. పు...ట్టినకాడికెల్లి గ...దే పని."

అని తానే నవ్వింది. టీచరు నవ్వలేదు. "వద్దమ్మా. అది మనం పిలిస్తే వచ్చి, పొమ్మంటే పోయేది కాదు. మళ్ళీ వస్తే ఈసారి పోతుందో లేదో నాకే తెలియదు," అంది. కానీ ఇంకో దారి చెప్పలేకపోయింది.

పండుగనాటి పొద్దున శంకరమ్మకు పసుపు పూసి, వేపమండలు కట్టి గుడిముందు నాపరాయి మీద నిలబెట్టారు. పక్కనే జంగప్ప డప్పు కొడుతున్నాడు. కన్నబిడ్డ పక్కన అట్లా కొట్టడానికి అతనికి చేతులెట్లా వచ్చాయో! నేనూ టీచరూ ఆడవాళ్ల వెనక నిలబడ్డాం.

"ఎవరు తల్లీ నువ్వు?" అని శాంతవ్వ మొదటిసారి అడిగింది.

పిల్ల దవడ బిగించింది, కాలు కొట్టింది. నత్తి తెచ్చుకోవాలని చూస్తోందని నాకు తెలుస్తోంది. కానీ నోరు తెరవగానే మాట డప్పు దెబ్బమీదెక్కి సాఫీగా వచ్చేసింది. "నే...ను శం...కరమ్మను."

"శంకరుని ఇల్లాలు! అమ్మే!" అని ఎవరో అరిచారు. జనం చేతులు జోడించారు. శంకరమ్మ కళ్లు పెద్దవి చేసుకుని నాకోసం వెతికింది.

టీచరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "డప్పు, భాగమ్మా! నేను మోకాలి మీద వేసే తాళంలాగే పడుతోంది. అది మోగినంతసేపూ ఆమెకు నత్తి రాదు. ఆపించు!"

జనాన్ని తోసుకుంటూ తమ్ముడి పక్కకు పోయాను. "జంగప్పా, డప్పు మెత్తవడ్డది. కాపుకో."

"మంచిగనే ఉందక్కా."

"మెత్తవడ్డదంటున్న. చెవులు లెవ్వా నీకు?"

డప్పు తోలు వదులైతే గడ్డిమంట దగ్గర కాచి బిగించుకోవాలి. దానికి డప్పు కొట్టేవాడిని ఎవరూ కాదనరు. జంగప్ప నన్ను చూశాడు. బిడ్డను చూశాడు. పటేలును చూశాడు. చెయ్యి ఇంకొంతసేపు ఆడి ఆగింది.

"పటేలా, తోలు మెత్తవడ్డది. జర కాపుకొస్త."

"ఇప్పుడేనారా?"

"మెత్తటి డప్పు అమ్మ ముంగట కొట్టొద్దు పటేలా."

మాకు వీపు పెట్టి మంట దగ్గర కూర్చున్నాడు. తోలు అప్పటికే బిగిసి ఉంది. ఇంకాస్త కాగితే పగిలిపోతుంది. అయినా అతను డప్పును సెగమీద నిదానంగా తిప్పుతూనే ఉన్నాడు.

గుడిముందు సద్దుమణిగింది. శాంతవ్వ రెండోసారి అడిగింది. "నే నే నే నే..." పిల్ల మెడనరాలు పొంగాయి. కళ్లు మూతపడ్డాయి, కాలు బండకేసి కొట్టుకుంది. అది నటన కాదు. పుట్టినప్పటినుంచి చూసినదాన్ని, నాకు తెలియదా? వెనకనుంచి పిల్లలు "నత్తి శంకరి! నత్తి శంకరి!" అని అరిచారు. మూడోసారి అడిగితే గొంతు అసలు పెగల్లేదు. చెంపల మీది పసుపు కన్నీళ్లతో కారిపోయింది.

శాంతవ్వ పిల్ల దవడ మీద చెయ్యి వేసింది. మంట దగ్గర కూర్చున్న జంగప్ప వీపును చాలాసేపు చూసింది. "అమ్మ మాట తడబడది. ఈమె మీద అమ్మ లేదు. తాళి లోపట పెట్టుండ్రి," అంది.

"మొదటిపారి పలికింది గద?" అన్నాడు పటేలు.

"నన్ను అడుగుమంటిరి, అడిగిన. నీకు నాకంటె ఎక్కువ ఎరుకుంటె నువ్వే నిలవడు పటేలా, నీ మీదికేమన్న వస్తదేమో."

జనం ఘొల్లుమన్నారు. పటేలు మాత్రం నవ్వలేదు. "సరే. వచ్చే ఏడు మళ్ల అడుగుదాం," అన్నాడు.

ఆ మాట విన్నాక జంగప్ప ఆగలేదు. ఆ మధ్యాహ్నమే, పసుపు కూడా కడగకుండా, బిడ్డను తాండూరు స్టేషనుకు తీసుకువచ్చాడు. పట్నం పోయే బండి వచ్చేదాకా ఎవరైనా వెంటపడి వస్తారేమోనని నేను దారివైపే చూస్తూ నిలబడ్డాను.

"టీచరమ్మా, దీన్ని పట్నంల ఎక్కడన్న పెట్టి చదివియ్యి," అన్నాడు తమ్ముడు. "ఊరి దిక్కు రానియ్యకు. రేపు నేనే మనసాగక పిలిచినా పంపకు."

శంకరమ్మ కిటికీ కమ్మీలు పట్టుకుని "నా... నా... నా..." అంటూనే ఉంది. నాయినా అనాలని. టీచరు పక్కన కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి ఆడిస్తోంది. పిల్లకు ఆ తాళం అందడం లేదు. మాట పూర్తి కాకముందే బండి కదిలింది. జంగప్ప ఈసారి మధ్యలో అందుకోలేదు. బండి వెంట నడుస్తూ, ఆమె పెదవులే చూస్తూ, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా పోయాడు.

టీచరు తిరిగి వచ్చి పనిలో చేరింది. పటేలు మనుషులు వచ్చి అడిగితే పిల్ల సంగతి తెలియదంది. పట్నంలో హాస్టల్లో బాగుందని నాతో మాత్రం చెప్పేది. మాట సంగతి అడిగితే, "మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం," అనేది. జంగప్ప మంచాన పడ్డప్పుడు బిడ్డను పిలిపించమని ఏడ్చాడు. పటేలు అప్పటికింకా ఊళ్లోనే ఉన్నాడు. నేను పోయి టీచరుకు చెప్పాను. ఆమె పంపలేదు.

జంగప్ప 1967లో పోయాడు. శంకరమ్మ తాండూరులో రైలెక్కింది 1962లో. తిరిగి రాలేదు.